ర్యాంకు వార్తలో మా అమ్మ

ఏటా పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో జిల్లా ఎడిషన్లు తిరగేస్తే ఒకే వార్త పదిచోట్ల కనిపిస్తుంది. ఊరు మారుతుంది, పేరు మారుతుంది, ఫొటోలో నిలబడే తీరు మాత్రం మారదు. ఆటోడ్రైవర్ కూతురికి స్టేట్ ర్యాంకు. ఇస్త్రీ బండి తండ్రి, ఐఐటీ కొడుకు. హమాలీ ఇంట ఆఫీసరు. పైన ఎర్రక్షరాల్లో ‘మట్టిలో మాణిక్యం’. మాణిక్యం ఎవరో ఫొటోలో తెలుస్తూనే ఉంటుంది. పక్కన నిలబడ్డ అమ్మానాన్నలే ఆ మట్టి అని ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

మా ఇంట్లోనూ అలాంటి వార్త ఒకటుంది. నాకు ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చిన ఏడాది పడింది. అమ్మ దాన్ని ల్యామినేషన్ చేయించి, వంటగదిలో బియ్యం డబ్బా పైన గోడకి తగిలించింది. ముందు గదిలో పెడదామంటే ఒప్పుకోలేదు. కారణం వింటే నవ్వొస్తుంది, కానీ నవ్వి ఊరుకునేది కాదు.

అమ్మ కోస్తాలో ఒక చిన్న మునిసిపల్ పట్టణంలో రోడ్లు ఊడ్చేది. కాంట్రాక్టు మనిషి. చీకటితోనే లేచి అన్నం, పచ్చడి సర్దేసి ఐదింటికల్లా మస్టరు పాయింటు దగ్గర మేస్త్రీ ముందు నిలబడాలి. ఆలస్యమైతే ఆ పూట మస్టరు పడదు, కూలి పోయినట్టే. విలేకరి వచ్చింది మధ్యాహ్నం. అప్పటికి అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, తలంటుకుని, నా ర్యాంకు కోసమని పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని ఉంది. ఆయన నాలుగు ప్రశ్నలడిగి, “అమ్మా, ఒకసారి చీపురు పట్టుకుని రోడ్డు మీద నిలబడండి, కొడుకు పక్కన పుస్తకంతో ఉంటాడు” అన్నాడు. అమ్మ చీపురు వార్డు ఆఫీసు దగ్గరే ఉంటుంది, ఇంటికి తెచ్చుకోరు. పక్కింటివాళ్ల కొండచీపురు తెచ్చి చేతికిచ్చారు.

“ఏంది బాబూ, దీంతో రోడ్డూడుస్తారా ఎవురన్నా?” అంది అమ్మ.

“ఫొటో కోసమేగా అమ్మా” అన్నాడాయన.

మర్నాడు పేపర్లో పడింది. మస్టరు దగ్గర తోటి ఆడవాళ్లు ఒకటే నవ్వు. “ఏమే, కొండచీపురుతో ఊడుస్తన్నావంట, మీ వార్డులో రోడ్లకి టైల్సు వేయించారా?” అని. అమ్మకి అదొక అవమానం. నిజంగా అవమానమే. కొడుక్కి ర్యాంకు వచ్చిందని రాసిన పేపరు ఆమెకు పని రాదన్నట్టుగా ఫొటో వేసింది. ఇప్పటికీ ఎవరన్నా దాని గురించి ఎత్తితే ముందు అదే చెప్తుంది, “ఆ చీపురు నాది కాదు” అని.

పని తెలిసినవాళ్లకి ఆ తేడా ఎంత పెద్దదో మీకూ తెలియాలి. రోడ్డుకి కొబ్బరి ఈనెల చీపురు, పొడవాటి కర్రకి బిగించి కట్టింది. కట్టు వదులైతే ఈనెలు ఒక్కొక్కటీ జారిపోతాయి. అందుకని పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి గట్టిగా చుట్టుకుంటారు. కొత్త చీపురు మాట వినదు, దుమ్ము పైకి లేపుతుంది. కొన్నాళ్లు వాడి కొసలు అరిగితేగానీ దారికి రాదు. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని ఊడవాలి, లేకపోతే ఊడ్చిందంతా మళ్లీ వెనక్కే. కుప్పలు ఎంత దూరానికొకటి పెట్టాలో కూడా లెక్కుంది. బండి వచ్చి ఎత్తేలోపు ఆ దారిన బస్సు పోతే కుప్ప మొత్తం చెదిరిపోతుంది, అప్పుడు మేస్త్రీ తిట్లు ఎవరికో చెప్పక్కర్లేదు. దీపావళి మర్నాడు అన్నిటికన్నా కష్టం. టపాకాయల కాగితాలు రాత్రి మంచుకి తడిసి తారుకి అతుక్కుపోతాయి. ఊడిస్తే రావు, వంగి గీకాలి. సంక్రాంతికి ముగ్గుల మీద ఊడ్చేటప్పుడు ఇంటావిడ బయటికొచ్చి కేకలేస్తుంది. ముగ్గు చెరక్కుండా చుట్టూ ఊడ్చుకుపోవడం అమ్మ నేర్చుకుంది. ఏ ఇంటిది ఏ ముగ్గో, ఎవరిది గట్టి నోరో కూడా తెలుసు.

ఆ వార్తలో ఇవేమీ లేవు. ‘కటిక పేదరికం’ ఉంది, ‘చీపురు పట్టిన చేతులు’ ఉన్నాయి, ‘కన్నీళ్లు దిగమింగుకుని’ ఉంది. అమ్మ కన్నీళ్లు దిగమింగుకునే రకం కాదు, ఏడవాల్సి వస్తే అందరికీ వినపడేలా ఏడుస్తుంది. పొగడ్త నాకు, జాలి అమ్మకి. ఆమె పని ఒక పాడుబడ్డ బావి, నేను అందులోంచి పైకొచ్చినవాణ్ణి, ఆమె ఇంకా అడుగునే ఉంది, అన్నట్టు రాశారు. రాసినాయన చెడ్డవాడు కాడు, మంచి మనసుతోనే రాశాడు. మన మెచ్చుకోళ్లలో చాలావరకు ఇలాగే ఉంటాయి. ఒక పని మీద చిన్నచూపు ఉందని తిట్లలో కన్నా ఈ పొగడ్తల్లోనే నాకు బాగా కనిపిస్తుంది. తిట్టేవాడితో కనీసం గొడవ పెట్టుకోవచ్చు, శాలువా కప్పేవాడితో ఏం మాట్లాడతాం?

నేను చెప్పాలనుకునేది ఒకటే. చిన్న పని చేసినవాళ్లని మనం క్షమిస్తాం, వాళ్లు ఆ పని వదిలేస్తే. టీ అమ్మి పైకొచ్చాడు, పేపర్లు వేసి చదువుకున్నాడు, హోటల్లో కప్పులు కడిగి హీరో అయ్యాడు. ఇవన్నీ మనకి ఇష్టమైన కథలు, ఎందుకంటే ఇందులో మనిషి ఆ పనిలో ఉండిపోడు. ఉండిపోయినవాడి మీద మాత్రం మన తీర్పు మారదు. పదేళ్లు టీ కొట్టు నడిపి కోటీశ్వరుడైతే ఆదర్శం. నలభై ఏళ్లు టీ కొట్టే నడిపి, ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు చేసి, ఎవరికీ రూపాయి బాకీ లేకుండా బతికితే ‘ఏదో, టీ కొట్టు పెట్టుకున్నాడు’.

అసలు పనిని బట్టి మనిషిని కొలుస్తామన్నది కూడా పూర్తి నిజం కాదు. అలా కొలిచినా ఒక లెక్కుండేది. మా ఆఫీసులో ఒకాయన తమ్ముడు టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతూ గ్యాస్ స్టేషన్లో చేసేవాడు. స్టూడెంట్ వీసా మీదున్నవాళ్లు చదువు నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల, వారానికి ఇరవై గంటలు మాత్రమే చేయాలి. బయట చేసేది దొంగచాటు వ్యవహారం. అయినా ఫీజులు, అద్దె, ఇక్కడి బ్యాంకు లోను మీద వడ్డీ తరుముతుంటే ఎవరాగుతారు? రాత్రి షిఫ్టు. సిగరెట్లు అమ్మడం, కూలర్ నింపడం, నేల తుడవడం, బాత్రూమ్ కడగడం. ఇక్కడ వాళ్ల నాన్నగారు చుట్టాలతో “స్టోర్ చూసుకుంటున్నాడు” అనేవారు. 2025 మొదట్లో అక్కడ తనిఖీల భయం మొదలయ్యాక ఇలాంటి పనులు మానేసిన మన పిల్లలు ఎంతోమంది. అప్పుడు ఇళ్లల్లో వినిపించిన దిగులంతా డాలర్ల గురించి, వీసా గురించి. బాత్రూమ్ కడిగాడన్న పరువు సంగతి ఎవరి నోటా రాలేదు.

ఆ కుర్రాడు బాత్రూమ్ కడిగినందుకు ఎవరూ తక్కువ చేయలేదు, చేయకూడదు కూడా. నా ప్రశ్న అదికాదు. అదే బ్రష్షు, అదే ఫినాయిలు, అదే వంగిన నడుము. కాలేజీలో బాత్రూములు కడిగే ఆయమ్మకి అదే ఇంట్లో గ్లాసు వేరే పెడతారు. తేడా పనిలో లేదు. ఆ కుర్రాడు ఆ పనిలోంచి వెళ్లిపోతాడని అందరికీ తెలుసు, ఆయమ్మ వెళ్లదనీ తెలుసు. ఇంకోటి కూడా తెలుసు, ఆమె ఏ వీధి నుంచి వచ్చిందో.

కడప, రాయచోటి వైపు నుంచీ, కోనసీమ వైపు నుంచీ ఆడవాళ్లు దశాబ్దాలుగా ఖద్దామా వీసా మీద కువైట్ వెళ్తున్నారు. ఖద్దామా అంటే ఇంటి పనిమనిషే. గిన్నెలు, బట్టలు, ముసలాళ్ల సేవ, పిల్లల్ని చూసుకోవడం. కొందరికి మంచి సేఠ్ దొరుకుతాడు, కొందరికి జీతం ఎగ్గొట్టి పాస్‌పోర్టు లాక్కునేవాడు దొరుకుతాడు. బతికి బయటపడి, రెండంతస్తుల ఇల్లు కట్టి, చేతుల నిండా గాజులతో దిగిన మనిషిని ఊళ్లో ‘కువైట్ అక్క’ అని కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. అదే మనిషి కువైట్ వెళ్లకుండా, అదే ఊళ్లో నాలుగిళ్లల్లో పాచిపని చేసుకుంటే గడప దగ్గరే నిలబెడతారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్ క్లీనింగ్ కంపెనీలకి వెళ్లేవాళ్ల సంగతీ అంతే. పెళ్లి సంబంధాల్లో ‘దుబాయ్‌ల ఉంటడు’ అంటే చాలు, ఏం చేస్తాడని మరీ గుచ్చి అడగరు.

డబ్బు వస్తే చిన్నచూపు పోతుందని దీన్నిబట్టి అనుకోవచ్చు. కొంత పోతుంది, ఆ మాట కాదనను. అమ్మ పనిచేసిన చోట పర్మినెంట్ వాళ్లు కొందరుండేవాళ్లు, పాత రోజుల్లో చేరినవాళ్లు. జీతం, సెలవులు, పెన్షను అన్నీ ఉండేవి. వాళ్లకి సంబంధాలు వెతుక్కుంటూ వచ్చేవి. కానీ అక్కడే ఇంకో సంగతి చూశాను. పర్మినెంట్ పోస్టు అనేసరికి ఆ పనితో ఏనాడూ సంబంధం లేని కులాలవాళ్లూ కాగితం మీద పారిశుద్ధ్య కార్మికులుగా చేరారు. చేరిన కొన్నాళ్లకే ఒకరు ఆఫీసులో ఫైళ్లు మోస్తూ, ఒకరు పంపు హౌసులో, ఒకరు ఇంకో ఆఫీసరు ఇంట్లో తేలారు. చీపురు పట్టుకున్నది మాత్రం మా వీధివాళ్లే. జీతం అందరికీ ఒకటే అయినా చీపురు ఎవరి చేతిలో ఉండాలో మస్టరులో రాయకుండానే తేలిపోయింది.

ఇది మా ఊరి సంగతి ఒక్కటే కాదు. మురుగు కాల్వల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దిగేవాళ్ల వివరాలు కేంద్ర సామాజిక న్యాయ శాఖ సేకరించింది. 2024లో బయటికొచ్చిన లెక్క ప్రకారం, అప్పటికి నమోదైన సుమారు 38 వేల మందిలో నూటికి 92 మంది ఎస్సీ, ఎస్టీ, బీసీలు. ఒక్క ఎస్సీలే నూటికి 69. ‘ఏ పనైనా గౌరవమైనదే’ అని బల్ల గుద్ది చెప్పేవాళ్లని మిగతా కులాలవాళ్లు ఎనిమిది మందే ఎందుకున్నారో కాస్త ఆలోచించమనాలనిపిస్తుంది.

బెజవాడ విల్సన్ పేరు మన తెలుగువాళ్లలో చాలామందికి 2016లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు వచ్చాకే తెలిసింది. 1966లో కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టారు. గని కార్మికుల కాలనీల్లో పాకీదొడ్లు ఉండేవి, వాటిని చేత్తో ఎత్తిపోసే పని ఆయన ఇంటివాళ్లది. చదువుకుని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి వెళ్తే, ఆయనేం అడుగుతున్నాడో చూడకుండానే పాకీ పనికి లెక్కలో వేసుకున్నారు. చదువు, అర్హత, దరఖాస్తు ఏవీ కంటికి ఆనలేదు. ఇంతకాలం మనం ‘చేసే పనిని బట్టి మనిషికి విలువ’ అనుకుంటున్నాం కదా, ఆ కౌంటర్ దగ్గర అది తలకిందులైంది. మనిషిని చూసి పని రాసేశారు. ఆ తర్వాత పాకీ పనిని రూపుమాపడానికి ఆయన కట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్‌కి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ అండగా నిలబడ్డారు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. మురుగులో చనిపోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెంచాల్సి వచ్చిందంటే చావులు ఆగలేదనే కదా.

చిన్నచూపు అనగానే మనం దాన్ని ఒక మనసు జబ్బుగా మాట్లాడతాం. మంచి మాటలు చెప్తే, పిల్లలకి బళ్లో నేర్పితే పోతుందంటాం. నాకలా అనిపించదు. అదొక ఏర్పాటు, దానివల్ల లాభపడేవాళ్లున్నారు. పని తక్కువదైతే కూలి తక్కువివ్వొచ్చు, అసలివ్వకపోయినా అడిగేవాళ్లుండరు. నిజాం కాలపు తెలంగాణలో వెట్టి అలా నడిచిందే. దొరల గడీలో బట్టలుతికినా, క్షౌరం చేసినా, కుండలిచ్చినా కూలి మాట లేదు. అలాంటి చోట బట్టలుతికే ఇంటి మనిషి చిట్యాల ఐలమ్మ పాలకుర్తిలో భూమి కౌలుకి తీసుకుని పంట పండించింది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కంటికి అది నేరంలా కనపడింది, పంట మీదికి మనుషుల్ని పంపాడు. ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు అడ్డం నిలబడి ఆ పంటని ఆమె ఇంటికి చేర్చారు. బట్టలుతికినన్నాళ్లూ దొరకి ఆమెతో పేచీ లేదు, సొంత గింజలు ఇంటికి తెచ్చుకుంటానన్నప్పుడే వచ్చింది. తక్కువ పని చేసే మనిషి తక్కువ మనిషిగానే ఉండాలి, లేకపోతే వెట్టి ఎవరు చేస్తారు? 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. సంతోషం. ఆ హాస్టళ్లలో గదులు ఊడ్చేవాళ్లకి నెల జీతం ఏ తారీఖున పడుతుందో కూడా ఎవరన్నా కనుక్కుంటే ఇంకా సంతోషం.

జీతం మాట వచ్చింది కాబట్టి. 2023 డిసెంబరు చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మునిసిపల్ కార్మికులు సమ్మెకి దిగారు. రెండు వారాలు దాటింది. సంక్రాంతి ముందు రోజులవి, ఊళ్లన్నీ కుప్పలు. ‘ఈ పనికి నైపుణ్యం ఏముంది, ఎవరైనా చేస్తారు’ అనేవాళ్లు ఆ రెండు వారాలూ ముక్కు మూసుకుని నడిచారు తప్ప ఒక్కరూ చీపురు తీయలేదు. చివరికి ఆరోగ్య భత్యంతో కలిపి నెలకి 21 వేలకి ఒప్పందం కుదిరింది. వాళ్లు అడిగింది సమాన పనికి సమాన వేతనం. అది గొంతెమ్మ కోరికేమీ కాదు. తాత్కాలిక ఉద్యోగులకీ ఆ సూత్రం వర్తిస్తుందని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సమ్మె రోజుల్లో మా బంధువుల గ్రూపులో ఒకాయన “వీళ్లకి పొగరెక్కింది” అని పెట్టాడు. అదే ఆయన కరోనా మొదటి నెలల్లో డాబా ఎక్కి పళ్లెం మోగించిన వీడియో పెట్టాడు. రెండూ ఒకే మనిషి చేయడంలో నాకు వైరుధ్యం కనపడదు. పళ్లెం మోగించడానికి ఖర్చు లేదు.

2019 ఫిబ్రవరిలో ప్రయాగరాజ్ కుంభమేళాలో ప్రధాని ఐదుగురు పారిశుద్ధ్య కార్మికుల కాళ్లు కడిగారు. టీవీలో పదేపదే చూపించారు. అమ్మ చూసి, “ఆ వచ్చిన జనానికి ఎన్ని దొడ్లు కట్టారో, ఎంతమందిని పెట్టారో?” అంది. ఆమె ధ్యాస ఎప్పుడూ పనిమీదే. ఒకసారి మే డే నాడు వాళ్లందరికీ శాలువాలు కప్పారు. మే నెల ఎండలో, మధ్యాహ్నం, ఉన్ని శాలువాలు. తీసుకున్నారు, ఫొటోలు దిగారు. చేతి తొడుగులు మాత్రం అడిగితే ‘వస్తాయ్’ అనేవాళ్లు. వచ్చినప్పుడు మగవాళ్ల సైజులో వచ్చేవి. అవి వేసుకుంటే చీపురు జారిపోతుంది, తీసేసి పక్కన పెట్టేవాళ్లు. ‘ఇచ్చినా వాడరండీ, వీళ్లకి శుభ్రత తెలీదు’ అనే మాట అక్కడి నుంచే పుట్టింది.

అన్నిటికన్నా నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఒకటుంది. ఐదింటి నుంచి పదకొండు దాకా రోడ్డు మీద ఉండే ఆడవాళ్లకి ఒంటికి వెళ్లడానికి చోటు లేదు. ఊరంతా శుభ్రం చేసేవాళ్లు ఏ ఇంటి తలుపు కొట్టినా తియ్యరు. అందుకని మంచినీళ్లు తాగడమే మానేసేవాళ్లు. ఎండాకాలంలో కూడా. అమ్మకి మూత్రంలో మంట, జ్వరం మళ్లీమళ్లీ వచ్చేవి. ‘నీళ్లు బాగా తాగాలమ్మా’ అని డాక్టరు ప్రతిసారీ చెప్పేది, ప్రతిసారీ అమ్మ తల ఊపేది. గౌరవం గురించి ఉపన్యాసం ఇవ్వదలుచుకున్నవాళ్లు ముందు వార్డుకొక మరుగుదొడ్డి తాళంచెవి వాళ్ల చేతికివ్వండి. ఆ తర్వాత శాలువా కప్పండి, మీ ఇష్టం.

ఇక్కడొక ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, ఎత్తిపొడుపుగా కూడా. ‘అంత గొప్ప పనైతే నువ్వెందుకు చేయలేదు? మీ అమ్మ నిన్నెందుకు చదివించింది?’ అడగాల్సిన ప్రశ్నే. నేను ఆ పని గొప్పదనలేదు. గొప్పదని అమ్మ ఎప్పుడూ అనలేదు. నాకు ఇంజనీరింగ్ సీటు రాకపోతే చెప్పులతో కొట్టేదేమో. నేను ఆ పనిలోకి రాకూడదని ఆమె అనుకుంది దుమ్ము వల్ల, నడుం నొప్పి వల్ల, మూడు నెలలకోసారి వచ్చే జీతం వల్ల. నన్ను ఆ పని చూసి సిగ్గుపడమని మాత్రం నేర్పలేదు. ఇంటర్‌లో కాలేజీ అప్లికేషన్లో తల్లి వృత్తి దగ్గర నేను ‘గృహిణి’ అని రాస్తుంటే చూసి, కొట్టేయించి ‘మునిసిపల్ వర్కర్’ అని రాయించింది. “జీతం తెచ్చేదాన్నిరా, ఇంటో కూచునేదాన్నా?” అంది. ఆ రెండూ ఒక మనిషిలో ఉండొచ్చు. ఒక పని చెడ్డ పరిస్థితుల్లో జరుగుతోందనీ, అందులోంచి పిల్లలు బయటపడాలనీ కోరుకోవడం వేరు. ఆ పని చేసేవాళ్లు తక్కువ మనుషులనుకోవడం వేరు. మన పేపర్లూ, మన సన్మానాలూ మొదటిదాని పేరు చెప్పి రెండోదాన్ని నడిపిస్తాయి.

రైతులూ అంతేగా, తమ పిల్లలు రైతులు కావొద్దంటారు. అలాగని రైతుని ఎవరూ గడప బయట నిలబెట్టరు.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఉంటున్న అపార్ట్‌మెంటులో, మొన్న కమిటీ మీటింగులో వాచ్‌మన్‌కి కుర్చీ ఇవ్వాలా వద్దా అని అరగంట చర్చ జరిగింది. పాత కుర్చీ విరిగింది. కొత్తది కొంటే ఆరువందలు. డబ్బు సమస్య కాదని అందరూ అన్నారు. కుర్చీ ఉంటే నిద్రపోతాడట. చేతుల్లేని స్టూలు ఇస్తే నిద్రపట్టదని ఒకాయన సలహా. ఆ మాటన్నాయన పగలంతా ఆఫీసులో తల ఆనించుకునే కుర్చీలో కూర్చుని పనిచేస్తాడు, నిద్రొస్తే కాఫీ తెచ్చుకుంటాడు. వాచ్‌మన్‌ది పాలమూరు వైపు. ఇద్దరు పిల్లలు, సెల్లార్‌లో మెట్ల కింద గది. వాళ్లావిడ మూడు ఫ్లాట్లలో పనిచేస్తుంది. ఆయన నీళ్ల ట్యాంకర్ రాత్రి రెండింటికొస్తే లేస్తాడు, మోటారు వేస్తాడు, పొద్దున్నే కార్లు తుడుస్తాడు, మధ్యలో పార్సిళ్లు. ఆయనకి నిద్ర ఎప్పుడు అని ఎవరూ అడగలేదు, ఎక్కడ పడుతుందోనన్నదే దిగులు. నేను గట్టిగానే మాట్లాడాను, కుర్చీ వచ్చింది, చేతులున్నదే. ఆ తర్వాత నుంచి లిఫ్టులో ఇద్దరు ముగ్గురు నాతో ముక్తసరిగా ఉంటున్నారు. మా అమ్మ ఏం చేసేదో వాళ్లకి తెలుసు. ‘అందుకేలే’ అనుకుని ఉంటారు. అవును, అందుకే.

అమ్మ పని మానేసి కొన్నేళ్లయింది. అరవై దాటాయని తీసేశారు. పెన్షన్ లేదు. ఉన్నదల్లా పీఎఫ్. ఆమె పనిచేసినన్నాళ్లూ కాంట్రాక్టర్లు మారుతూ వచ్చారు. జీతంలోంచి కోసింది కోసినట్టే ఉంది, కట్టింది ఎంతో, ఏ నంబరు మీద కట్టారో తేలడం లేదు. ఒక కాంట్రాక్టరు ఆమె ఇంటిపేరు తప్పు రాశాడు, ఇంకొకడు పుట్టిన సంవత్సరం. ఆధార్‌తో కలవట్లేదు. దిద్దించాలంటే జాయింట్ డిక్లరేషన్ అనే దరఖాస్తు మీద మామూలుగా అప్పట్లో పనిలో పెట్టుకున్నవాళ్ల సంతకం అడుగుతారు. ఆ ఏజెన్సీలు ఇప్పుడు లేవు, బోర్డులు కూడా లేవు. తోటి ఆడవాళ్లందరిదీ ఇదే గొడవ. అమ్మ దగ్గర పాత జీతం స్లిప్పులు కొన్ని మడతపెట్టి దాచినవి దొరికాయి. మిగతావాళ్ల దగ్గర అవి కూడా లేవు. పోయిన ఆదివారం ఊరెళ్లి అందరివీ కార్డులు, బ్యాంకు పుస్తకాలు, ఏ మేస్త్రీ కింద ఏ వార్డులో చేశారో వివరాలు ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. పాత మేస్త్రీ ఒకాయన బతికే ఉన్నాడు, మస్టరు పుస్తకాలు కొన్ని ఇంట్లో ఉన్నాయన్నాడు. వచ్చే శనివారం ఆయన దగ్గరికి వెళ్తున్నాం.